పెరట్లో కొబ్బరి చెట్టు పెంచడం ఎలా? ముందు మొవ్వు సంగతి తెలుసుకోండి

ఒడిశా బరంపురంలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు గేటు పెట్టిన వారానికే రెండు కొబ్బరి మొక్కలు తెస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి అందులో ఒకటి ఎండిపోయి ఉంటుంది. అడిగితే "మా నేలకి పడలేదండీ" అంటారు. ఇటు గోపాలపూర్, చత్రపురం తీరంలో కొబ్బరి, అటు ఇచ్ఛాపురం దాటితే కవిటి, సోంపేట ఉద్దానంలో కొబ్బరి. మధ్యలో మీ పెరటి నేల ఒక్కటే పడకపోవడం ఏమిటి? ఇలా పోయిన మొక్కని దగ్గరికెళ్ళి చూస్తే చాలాసార్లు వేరు బాగానే ఉంటుంది, తెగులంతా నెత్తిన ఉంటుంది.

మామిడికో జామకో కొమ్మ విరిగితే పక్కనుంచి ఇంకో చిగురు వస్తుంది. కొబ్బరికి ఆ దారి లేదు. లేత ఆకుల మధ్య, మొవ్వు (నడుమ నిలబడి ఉండే, ఇంకా విచ్చుకోని ఆకు) అడుగున ఒక్కటే మొగ్గ ఉంటుంది. అది పోతే చెట్టు పోయినట్టే. తాటి, పోక, గేటు దగ్గర అలంకారానికి పెట్టే బాటిల్ పామ్, రాయల్ పామ్, అన్నిటిదీ ఇదే కథ. కుండీల్లో పెంచే అరెకా పామ్‌కి పిలకలు వస్తాయి కాబట్టి అది కొంత నయం. అందులోనూ మొవ్వు పోయిన కాడ మళ్ళీ లేవదు.

మొక్క, చోటు, గొయ్యి

ఇవి తేలికైన పనులు, గబగబా చెప్పేస్తాను. మొక్క వయసు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు ఉండాలి. కనీసం ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉండాలి. ఆకులు ఈనెలుగా విడిపోవడం మొదలైన మొక్క మంచిది. పొడుగ్గా, సన్నగా సాగిన మొక్కని చూసి ముచ్చటపడి కొనకండి. అది నీడలో పెరిగినది.

నీళ్ళ బొండాల కోసమైతే పొట్టి రకం తీసుకోండి. గంగాబొండాం, చౌఘాట్ ఆరెంజ్ డ్వార్ఫ్ లాంటివి మూడు నాలుగేళ్ళకే పూతకొస్తాయి. పచ్చడికీ పూజకీ ఎండుకొబ్బరికీ ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకం పెట్టండి. అది ఆరేడేళ్ళు ఆగాలి, కానీ తరాలపాటు ఉంటుంది. నన్నడిగితే మాత్రం పెరడున్న ఇంట్లో పొడుగు రకమే పెట్టాలి, నా దగ్గర ఇంకో మాట లేదు.

చెట్టుకీ చెట్టుకీ మధ్య 25 అడుగులు వదలండి. గోడకి పది అడుగుల లోపు వద్దు. కరెంటు తీగల కింద అసలే వద్దు. గొయ్యి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. తీరం దగ్గర ఇసుక నేలలో రెండున్నర చాలు. పర్లాకిమిడి, రాయగడ వైపు గట్టి గులకనేల తగిలితే నాలుగడుగులు తవ్వించండి. అడుగున కొబ్బరి డొక్కలు బోలు వైపు పైకి ఉండేలా రెండు వరసలు పరిస్తే తేమ నిలుస్తుంది. పైమట్టి, బాగా చివికిన గత్తం, కాస్త వేపపిండి కలిపి రెండడుగుల వరకు నింపండి. మిగతా అడుగు ఖాళీగానే ఉంచండి.

గోతిలో ఉప్పు వేయమని ప్రతి వీధిలో ఒకరు చెబుతారు. గట్టి రాతినేలల్లో గొయ్యి మెత్తబడటానికి, నాటడానికి ఆరు నెలల ముందు ఉప్పు వేసే పద్ధతి ఉన్న మాట నిజమే. గోపాలపూర్ గాలికి కిటికీ ఊచలే తుప్పు పడుతుంటే, ఇక్కడ మళ్ళీ ఉప్పెందుకో నాకు అర్థం కాదు.

తాటి చెట్టు కావాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఎక్కడో మొలిచిన తాటి మొక్కని పెకలించి తెచ్చి నాటకండి, బతకదు. మొలిచేటప్పుడే అది నేలలోకి లోతుగా దిగిపోతుంది. మనం తినే తేగ ఆ దశలోదే. టెంకని నేరుగా కావలసిన చోటే పాతిపెట్టాలి.

నాటడం

జూన్‌లో మొదటి వానలు పడ్డాక నాటాలి. సెప్టెంబరు దాకా ఆగితే వేరు పట్టకముందే తుపాను వస్తుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులో దసరా రోజుల్లోనే వచ్చాయి.

మొక్కని ఆకులు పట్టుకుని లేపకండి, కాయ పట్టుకుని లేపండి. గోతి మధ్యలో కాయ పట్టేంత చిన్న గుంట తీసి, కాయ మట్టిలో మునిగేలా, మొదలు మాత్రం మట్టి పైనే ఉండేలా పెట్టండి. చుట్టూ కాలితో అదమండి. గాలికి ఊగకుండా ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. ఇంతే. "గట్టిగా ఉంటుందని ఇంకాస్త లోతుగా పెట్టాను" అనేవాళ్ళ మొక్క మొదటి పెద్ద వానకే పోతుంది. గోతిలో నీరు నిలిచి, బురద ఆకుల మధ్యకి చేరి, మొవ్వు కుళ్ళుతుంది. గొయ్యి అంచున చుట్టూ చిన్న గట్టు వేస్తే బయటి నీరు లోపలికి రాదు. మొదలు లావెక్కే కొద్దీ ఏడాదికి కొంచెం చొప్పున మట్టి నింపుకుంటూ రావాలి. వాన వెలిశాక ఆకు మొదళ్ళలో మట్టి కనిపిస్తే చెంబుతో నీళ్ళు పోసి కడిగేయండి.

మొవ్వు చూడటం

ఇక్కడ తొందరపడకండి. మిగతా పనుల్లో ఏ తప్పు చేసినా కొబ్బరి క్షమిస్తుంది, ఇందులో క్షమించదు.

మొక్క చేతికందే ఎత్తులో ఉన్న మొదటి నాలుగైదేళ్ళు మొవ్వుని వారానికోసారి చూడాలి. వానాకాలంలో ఇంకా తరచుగా చూడాలి. పొద్దున్నే వెలుతురు బాగా ఉన్నప్పుడు చూడండి, రాత్రి టార్చి పట్టుకుని వద్దు. ముందు కళ్ళతోనే చూడండి, చెయ్యి పెట్టకండి. ఆకు మొదళ్ళ దగ్గర నమిలి ఉమ్మినట్టు పీచు బయటికి వచ్చిందా? విచ్చుకున్న ఆకుల్లో ఎవరో కత్తెరతో త్రికోణాలు కోసినట్టు ఉందా? అయితే కొమ్ము పురుగు, అంటే తల మీద కొమ్మున్న నల్లటి పెంకుపురుగు, వచ్చిందన్నమాట. రాత్రిపూట ఎగిరొచ్చి, ఇంకా విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుపోతుంది. అక్కడ కొరికిన గాటే ఆకు విచ్చుకున్నాక త్రికోణంగా కనిపిస్తుంది. అంటే మీకు కనిపించే గాటు పాతది. పురుగు ఇంకా లోపలుందో లేదో చెప్పేది తాజా పీచే.

పీచు తడిగా, కొత్తగా ఉంటే పురుగు లోపలే ఉంది. రెండడుగుల సన్నని ఇనుప ఊచ తీసుకుని కొస కొద్దిగా కొక్కెంలా వంచండి. పురుగు చేసిన రంధ్రం వెంటే, అది ఎటు వంపు తిరిగితే అటు, నెమ్మదిగా పోనివ్వండి. గట్టిగా ఏదో తగిలి కదిలినట్టుంటే కొక్కెం తగిలించి లాగండి. తగలకపోతే ఊచ బయటికి తీసేయండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పురుగు దొరకలేదన్న కసితో నాలుగు వైపులా పొడుస్తారు. పురుగు తినేది కొంచెమే, పొడిచినవాడు చీల్చేది ఎక్కువ. రంధ్రం లేని చోట ఊచ పెట్టకూడదు. నిట్టనిలువుగా మొవ్వు నడిమధ్యలోకి అసలే పెట్టకూడదు.

పురుగు బయటికి వచ్చాక ఆ రంధ్రం వదిలేయకూడదు. వేపపిండీ సన్న ఇసుకా సమానంగా కలిపి రంధ్రం నింపండి. మొవ్వు చుట్టూ ఉన్న మూడు ఆకుల మొదళ్ళలో కూడా అదే పోయండి. మొవ్వు మీద మాత్రం పోయకండి, అది ఊపిరాడేలా శుభ్రంగా ఉండాలి. పురుగు రాకపోయినా మేలో, సెప్టెంబరులో, డిసెంబరులో ఈ వేపపిండి పెట్టాలి. కొందరు లేత మొక్కలకి ఆకు మొదళ్ళలో మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక వేసి, నెలా పదిహేను రోజులకోసారి మారుస్తారు. అదీ పనిచేస్తుంది, కానీ పిల్లలు తిరిగే పెరట్లో నేను ఒప్పుకోను.

అన్నిటికంటే నాకు నచ్చేది పాత వల. గోపాలపూర్‌లో మన తెలుగు మత్స్యకారుల ఇళ్ళ దగ్గర చిరిగిన నైలాన్ వలలు పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒక ముక్క తెచ్చి ఆకు మొదళ్ళ చుట్టూ వదులుగా చుట్టండి. రాత్రి వచ్చిన కొమ్ము పురుగు కాళ్ళు అందులో ఇరుక్కుంటాయి, పొద్దున్నే ఏరి పారేయడమే. మొవ్వు లేచే కొద్దీ వల సడలించాలి, లేకపోతే కొత్త ఆకు అందులో చిక్కి వంకర పోతుంది. మందుల డబ్బాకి ఐదొందలు పోసేవాళ్ళు ఈ ఉచిత వలని ఎందుకు నమ్మరో!

మొవ్వులో కిరసనాయిలు, పెట్రోలు, కల్లుప్పు, బాత్రూం ఫినాయిల్ ఏవీ పోయకూడదు. పర్లాకిమిడిలో మా మేనత్త ఒకసారి ఫోన్ చేసి "ఒరేయ్, మొవ్వులో కిరసనాయిలు పోశానురా, పురుగు చచ్చి బయటికొచ్చింది" అని సంబరంగా చెప్పింది. "పురుగుతో పాటు చెట్టూ పోతుందత్తా" అంటే నమ్మలేదు. ఆ దసరాకి ఆ కొబ్బరి మొదలు పొయ్యిలోకి వెళ్ళింది.

పురుగు లేకుండా మొవ్వు రంగు మారి, పక్కకి వాలుతుంటే అది మొవ్వుకుళ్ళు తెగులు, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. మన వైపు వానలు ఎడతెరిపి లేకుండా పడే రోజుల్లో ఎక్కువగా వస్తుంది. అనుమానం వస్తే మొవ్వుని లాగి చూడాలనిపిస్తుంది, లాగకండి. మొవ్వు మీదా, దాన్ని ఆనుకుని ఉన్న ముదురాకు మీదా కలిపి పెన్నుతో ఒక అడ్డగీత గీయండి. వారం తర్వాత మొవ్వు మీది గీత పైకి జరిగి ఉంటే మొగ్గ బతికే ఉంది, టెన్షన్ వద్దు. గీత కదలకుండా, కుళ్ళు వాసన కూడా వస్తుంటే అప్పుడు శుభ్రమైన కత్తితో కుళ్ళిన భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న తెల్లటి కండ వచ్చేదాకా తీసేయాలి. అక్కడ బోర్డో పేస్టు పూయాలి. దానికి 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలపండి. తర్వాత మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి పోయండి. ఇనుప కత్తి ముంచి తీస్తే దాని మీద ఎర్రటి పూత పడకూడదు. పడితే ఇంకాస్త సున్నం కలపండి. ఏ రోజుది ఆ రోజే వాడేయాలి. పూశాక వాన పడకుండా మట్టికుండ బోర్లించి, కొత్త మొలక కనిపించేదాకా ఉంచండి. పక్క చెట్ల మొవ్వుల్లో కూడా ఒక శాతం బోర్డో మిశ్రమం (ఇదే మైలుతుత్తం, సున్నం పలచగా కలిపినది) కొట్టాలి, ఎందుకంటే ఈ తెగులు ఒక్క చెట్టుతో ఆగదు.

ఇంత చేసి పక్కనే పెంటపోగు పెట్టుకుంటే మీరు పురుగుని పెంచుకుంటున్నట్టే. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడలో, చివికే చెత్తలో, కుళ్ళే కొబ్బరి మానుల్లో. తుపానుకి కూలిన మానుని పెరట్లో మూలకి దొర్లించి మర్చిపోకండి. నరికించి తీసేయండి, లేదా కాల్చేయండి. పెంటపోగుని నెలకోసారి తిరగేస్తే తెల్లగా లావుపాటి పిల్లపురుగులు బయటపడతాయి, మిగతాది కోళ్ళు చూసుకుంటాయి.

నీళ్ళు, ఎరువు

మొదటి రెండు వేసవుల్లో నాలుగు రోజులకోసారి మొక్కకి 45 లీటర్ల నీళ్ళు పోయాలి, దక్షిణ పడమరల నుంచి ఎండ తగలకుండా మట్టలు పాతి నీడ కట్టాలి. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేటు, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి. దీన్ని రెండు దఫాలుగా, మొదలుకి ఆనించకుండా, చుట్టూ ఆరడుగుల దూరం దాకా ఉన్న పాదులో చల్లి మట్టి కప్పండి. నాటిన మూడు నెలలకి ఇందులో పదో వంతు, రెండో ఏడు మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏడు నుంచి పూర్తి మోతాదు. యూరియా వేసి పొటాష్ ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. కొబ్బరికి అన్నిటికంటే ఎక్కువ కావలసింది పొటాషే.

మట్టలు, మాను

ప్రతి మట్ట మొదట్లోంచీ ఒక గెల రావాలి. పచ్చటి మట్ట కొట్టేస్తే ఒక గెల కొట్టేసినట్టే. అయినా దసరా ముందు "తుపానుకి గాలి పట్టదు" అంటూ చెట్టుకి నాలుగే మట్టలు మిగిల్చి బోడి చేయిస్తారు. పూర్తిగా ఎండి, వేలాడుతున్నవే తీయించండి. పచ్చిది తీయక తప్పకపోతే మాను దగ్గర నుంచి మూడు నాలుగడుగుల మొద్దు వదిలి కోయండి. మాను దగ్గరికంటా కోసిన గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది మాను లోపల చేరితే పైకి కనిపించేది గోధుమరంగు జిగురు మాత్రమే, అప్పటికి పని అయిపోయి ఉంటుంది.

మానుకి అయిన గాయం మానదు. బట్టల తాడు కోసం మేకులు, పండగ లైట్లకి మేకులు, కేబుల్ వైరుకి మేకులు, ఎక్కడానికి వీలుగా మెట్లలా గాట్లు, ఏవీ వద్దు. తాడు కావాలంటే చెట్టుకి చుట్టి కట్టుకోండి.

తుపానుకి లేత చెట్టు ఒరిగితే రెండు మూడు రోజుల్లోనే నెమ్మదిగా లేపి, వేర్ల మీద మట్టి కప్పి, మూడు వైపులా ఊతం పెట్టండి. విరిగి వేలాడే మట్టలు తీసేసి, లీటరు నీళ్ళకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొవ్వు తడిసేలా పోయండి.

నీళ్ళ బొండాలు పూత విచ్చిన ఆరేడు నెలలకి, ముదురు కాయలు పదకొండు పన్నెండు నెలలకి దించాలి. చెట్టెక్కే మనిషికి కూలి మాట్లాడేటప్పుడే "పచ్చి మట్ట నరికితే డబ్బులివ్వను" అని చెప్పి, అతను దిగేదాకా కిందే నిలబడండి. చెట్టుకి కాస్త దూరంగా నిలబడండి, కాయ ఎటు పడుతుందో అతనికీ తెలియదు.