బీరువాలో తుపాకీ ఎందుకుందో తేల్చుకోవడం ఎలా

లైసెన్సు దరఖాస్తులో ఆయుధం దేనికని ఒక గడి ఉంటుంది. అందులో దాదాపు అందరూ రాసే మాట ఒకటే, ఆత్మరక్షణ. అది అబద్ధం కాదు గానీ ఉన్నదంతా అదే కాదు. రెన్యువల్ దగ్గరపడినప్పుడో, తాతగారు పోయాక ఆ డబుల్ బ్యారెల్ ఎవరి పేరున రాయించుకోవాలని అన్నదమ్ములు తర్జనభర్జన పడుతున్నప్పుడో, రొయ్యల చెరువులు వేసిన కొత్తలో "మనమూ ఒకటి తీసుకుందామా" అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడో, ఆ గడి వెనకున్న అసలు సంగతి బయటికి లాగాలి. అది తెలిస్తే ఉంచుకోవాలో వదులుకోవాలో సగం తేలిపోయినట్టే.

పెద్దాయన్ని "ఎందుకు తీసుకున్నారు" అని అడగొద్దు. దరఖాస్తులో రాసిందే మళ్లీ చెబుతారు. "ఎప్పుడు" అని అడగండి. "మావయ్యగారూ, ఇది ఏ సంవత్సరంలో తీసుకున్నారండి? అప్పుడు మనింట్లో ఏం జరుగుతోందండి?" అంటే చాలు, ఆ ఏడాది గట్టు తగాదా నడిచిందనో, పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయామనో, పక్కవీధిలో దొంగలు పడ్డారనో, వరిచేలు తవ్వించి రొయ్యల చెరువులు వేసిన సంవత్సరమనో కథ దానంతటదే వస్తుంది. ఆ తగాదా తీరిపోయి ఇరవై ఏళ్లయినా తుపాకీ మాత్రం అలాగే ఉండిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి.

తరవాత ఒక కాగితం తీసుకుని, గడిచిన ఏడాదిలో తుపాకీ బీరువా దాటి ఎన్నిసార్లు బయటికొచ్చిందో, ఎవరు చూస్తుండగా వచ్చిందో రాయండి. చుట్టాలు వచ్చినప్పుడే బయటికొస్తే అది దర్పం కోసం ఉన్నట్టు. రాత్రి కుక్కలు మొరిగినప్పుడల్లా మంచం పక్కకి చేరుతుంటే భయం. దసరాకి ఆయుధపూజలో కుంకుమబొట్టు పెట్టించుకుని మళ్లీ లోపలికెళ్లిపోతే తాతల జ్ఞాపకం. రోజూ బస్సెక్కి బ్యాంకు కాపలాకి వెళ్లొస్తుంటే జీతం. చాలా ఇళ్లలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి, కానీ ఒకటి పైన ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి.

భయం సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే అందులో రెండు రకాలున్నాయి. 2017లో మనస్తత్వ శాస్త్రవేత్తలు స్ట్రోబె, లియాండర్, క్రుగ్లాన్‌స్కీ అమెరికా తుపాకీదారుల మీద చేసిన పరిశీలనలో ఈ తేడానే చూపించారు. ఒకటి, నా మీద దాడి జరుగుతుందన్న ఫలానా భయం. రెండోది, లోకమే పాడైపోయింది, ఎప్పుడేం జరుగుతుందో తెలీదన్న బెదురు. ఇంట్లో దీన్ని పరీక్షించడం తేలికే. "ఎవరి గురించండి భయం? ఏ దారిలో, ఏ వేళప్పుడు?" అని అడగండి. పేరు, చోటు, వేళ చెప్పగలిగితే అది మొదటి రకం. స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు, గేటు దగ్గర లైటు, కెమెరా, ఇద్దరు మనుషులు దానికి సరైన మందు. ఒకవేళ లైసెన్సుకే వెళ్లాలనుకున్నా ఆ ఫిర్యాదు కాపీ దగ్గరుండాలి. పేరు లేకుండా "రోజులు బాలేవురా" అని మాత్రమే వస్తే అది రెండో రకం. టీవీలోనూ వాట్సాప్‌లోనూ మేత దొరికేకొద్దీ పెరుగుతుంది, తుపాకీ వల్ల తగ్గదు.

తుపాకీ లేకపోతే ఏమవుతుందన్న పరీక్ష చాలా ఇళ్లలో ఇప్పటికే జరిగిపోయింది, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే. 2024 ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, ఫలితాలు జూన్ 4న వచ్చాయి. ఎన్నికలప్పుడు తుపాకులు జమ చేయించుకుని ఫలితాలొచ్చిన వారం తరవాత తిరిగిస్తారు. అంటే తుపాకీ స్టేషన్లో పెట్టిన ఇంట్లో అది దాదాపు మూడు నెలలు లేదు. ఆ మూడు నెలలూ ఎలా నిద్రపట్టిందని అడగండి. "ఏం తేడా లేదు" అంటే ఆత్మరక్షణ అన్న గడి ఖాళీ అయినట్టే. నిజంగానే నిద్ర లేకపోతే ఆ భయానికి ఏదో పేరుంది, దాన్ని వెతకాలి.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇప్పుడు ఎక్కువగా వినిపించే కారణం రొయ్యల చెరువులు. రొయ్యలు పట్టే రోజుకి వారం ముందు చెరువులో లక్షలు ఉంటాయి కాబట్టి బెంగ సహజమే. కానీ దొంగ వచ్చేది అర్ధరాత్రి గట్టు మీదకి, తుపాకీ ఉండేది ఊళ్లో బీరువాలో. పోనీ కాపలావాడి చేతికిద్దామంటే, లైసెన్సు మనిషికి ఇస్తారు, చెరువుకి కాదు. లైసెన్సులో పేరు లేనివాడు పట్టుకుంటే ఇచ్చినవాడికీ పట్టుకున్నవాడికీ కేసే. పైగా ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కు భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం దోపిడీ, చీకటిపడ్డాక ఇంటికి కన్నం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటి కొన్నిటికే ఉంది. దొంగతనమైతే, చావో పెద్ద దెబ్బో తప్పదన్న భయానికి కారణం ఉండాలి. వల భుజానేసుకుని పారిపోతున్నవాణ్ణి కాలిస్తే అది హత్య కేసు అవుతుంది.

పంట రక్షణ అన్న కారణాన్ని డెల్టాలో ఎక్కువసేపు చర్చించక్కర్లేదు. వరికి ఇక్కడ అసలు శత్రువు ఎలుక. దానికి ఎలుకబుట్టలు పెట్టేవాళ్లు కావాలి గానీ పన్నెండు బోరు తుపాకీ కాదు.

ఇక పరువు. దీన్ని ఎవరూ ఒప్పుకోరు, అందుకని జాగ్రత్తగా తడమాలి. 1878 ఆయుధాల చట్టం తెల్లవాళ్లకి మినహాయింపు ఇచ్చి మనవాళ్లకి లైసెన్సు తప్పనిసరి చేసింది. తుపాకీ ఉందంటే దొరగారి దగ్గర పలుకుబడి ఉందని అర్థం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి ముందుగా పట్టుకెళ్లింది తుపాకులే. అవి యుద్ధానికి కావాలి, నిజమే, కానీ సర్కారు చేతిలోంచి తుపాకీ లాక్కోవడంలో జనానికి కనబడ్డది అంతకంటే పెద్దది. దొరలు పోయి ఎన్నాళ్లో అయినా, మండువా లోగిలి గోడ మీద వేలాడే తుపాకీకి ఆ అర్థం ఇంకా పోలేదు. కాబట్టి పెద్దాయనతో "ఇది పనికిరాని ఇనుము" అనొద్దు. ఆయనకి తుపాకీ తీసేసినట్టు వినబడదు, పెద్దరికం తీసేసినట్టు వినబడుతుంది. ఊరి తగువుల్లో, ఇంటి పెళ్లిళ్లలో ఆయన మాట ముందుంటుందని తెలిసేలా చేస్తే చేతులు వాటంతటవే సడలుతాయి. పరువు కోసం ఉన్న తుపాకీ పేలేది కూడా పెళ్లి ఊరేగింపులోనే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, జనానికి ప్రమాదం తెచ్చేలా సంబరంగా పేల్చినందుకే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి సైనికుల ఊళ్లలో లెక్క వేరు. మాజీ సైనికుడికి సొంత లైసెన్సు తుపాకీ అంటే గార్డు ఉద్యోగం, ఇంటి ఖర్చు. ఉద్యోగం మానేశాక మాత్రం పై కాగితం పరీక్ష ఆయనకీ వర్తిస్తుంది.

పిల్లలు అమెరికాలో ఉంటే ఈ మాటలు ఫోనులోనూ నడపాల్సి రావచ్చు. అక్కడ 2023లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం రక్షణే పెద్ద కారణమన్నారు, వేట అన్నవాళ్లు 32 శాతం. కొత్తగా వెళ్లిన కుర్రాడికి చుట్టూ ఉన్నవాళ్లందరి దగ్గరా ఉందన్నదే సగం కారణం. వాడితో కారణాల గురించి వాదించేకన్నా ఇంట్లో ఎవరికైనా దిగులు, తాగుడు, ఉద్యోగం పోయిన బాధ ఉన్నాయేమో అడగండి. తుపాకీతో చేసుకునే ఆత్మహత్యా ప్రయత్నాల్లో పదింట సుమారు తొమ్మిది ప్రాణం తీస్తాయి, రెండో అవకాశం ఉండదు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో, అక్కడైనా ఇక్కడైనా, తుపాకీ ముందు గడప దాటాలి, మిగతా చర్చ తరవాత. పురుగుమందు డబ్బాకీ ఇదే లెక్క. మనదేశంలో మనసు బాలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీమానస్, నంబరు 14416, ఏ వేళప్పుడైనా పలుకుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక ఉంచుకోవాలనే అనుకుంటే, తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో, తాళంచెవులు లైసెన్సుదారు దగ్గరే. తోలు తొడుగులో పెట్టి అటక మీద పడేయడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. ఉప్పుగాలికీ ముసురుకీ తోలు చెమ్మ పీల్చుకుని లోపల గొట్టాన్ని తినేస్తుంది. తొడుగు తీసి, నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి, పల్చగా నూనె గుడ్డతో తుడవాలి. పాత కాగితపు తూటాలు చెమ్మకి ఉబ్బి గొట్టంలో సగంలో ఇరుక్కుంటాయి. వాటిని ఎండలో ఆరబెట్టొద్దు, లైసెన్సున్న డీలరుకి అప్పగించండి. రెన్యువల్ ఐదేళ్లకోసారి. గడువుకి రెండు నెలల ముందే పెట్టుకుంటే స్టేషన్ విచారణ ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

లైసెన్సుదారు కాలం చేస్తే ఆయన లైసెన్సూ అక్కడితో సరి. పెద్దకర్మ అయ్యాక చూద్దామని ఆగితే ఆ రోజులన్నీ ఇంట్లో లైసెన్సు లేని ఆయుధం ఉన్నట్టే. ముందు స్టేషనుకి ఫోన్ చేసి చెప్పి, వాళ్లు చెప్పినట్టు స్టేషన్లో గానీ డీలరు దగ్గర గానీ జమ చేయాలి. వారసుడు ఉంచుకోదలిస్తే మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న సంతకాలతో తన పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్దాయన ఉండగానే కూడా, ఆయనకి డెబ్భై నిండితేనో, తుపాకీ పాతికేళ్లు తన దగ్గరుంటేనో, వారసుడి పేరు చెప్పొచ్చు. ఒక్కొక్కరికి రెండే తుపాకులు, తాతలది కూడా అందులో లెక్కే. అన్నదమ్ములు సంతకం దగ్గర బిగుసుకుంటే తగువు తుపాకీది కాదు, పొలం పంపకాలది. అది ముందు తేల్చండి.

"తుప్పుపట్టింది, పేలదు కదా" అని గోడకే వదిలేయొద్దు. బాగుచేయిస్తే పేలేదైతే చట్టానికి అది తుపాకీయే. అప్పగించేటప్పుడు రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క, తేదీ, స్టాంపు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. తుప్పులో నంబరు కనబడకపోతే కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవండి. గీకొద్దు, నంబరు చెరిపినట్టు కనబడితే అది ఇంకో నేరం.