జలపాతాల దగ్గర ర్యాపెలింగ్‌పై నిషేధం పడకుండా అధికారులను ఒప్పించడం ఎలా?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు జలపాతం దగ్గర ఎవరైనా జారిపడితే చాలు, ర్యాపెలింగ్ (తాడు సాయంతో రాతి గోడ మీంచి దిగడం) లాంటి తాడు ఆటలన్నీ ఆపమంటారు. పడినవాడు సెల్ఫీ కోసం తడిరాయి ఎక్కాడా, తాడు కట్టుకుని దిగాడా అని అడిగేవారుండరు. ఆ తేడాను కాగితం మీద పెట్టాల్సింది మీరే. ఆఫీసరుకు మీ ఆట మీద పగేమీ లేదు. రేపు ఇంకొకరు పోతే ఫైలు మీద తన సంతకం ఉంటుందన్నదే ఆయన బెంగ. సాహసం, స్వేచ్ఛ, టూరిజం అని ఉపన్యాసాలిస్తే ఆ బెంగ తీరదు.

1. నిషేధ ఉత్తర్వు నకలు తెచ్చుకోండి. రిజర్వ్ ఫారెస్టయితే డీఎఫ్ఓ (అటవీ డివిజన్ అధికారి) మాట కీలకం. కలెక్టరో సబ్ కలెక్టరో ఇచ్చిన ఉత్తర్వయితే సాధారణంగా అది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 163 కింద ఉంటుంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ సెక్షన్ 144 స్థానంలో ఉన్నది ఇదే, అయినా ఇంకా 144 అని రాసుకొచ్చేవాళ్లున్నారు. ఆ ఉత్తర్వు ఆయుష్షు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలల దాకా పొడిగించవచ్చు. రద్దో మార్పో కోరుతూ దరఖాస్తు పెడితే మీ వాదన వినాలి, తిరస్కరిస్తే కారణాలు రాతలో ఇవ్వాలి.

2. కాగితాలు: పరికరాల జాబితా, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు, బీమా, కేంద్ర పర్యాటక శాఖ 2018 సాహస పర్యాటక మార్గదర్శకాల్లో మీకు పనికొచ్చే పేజీలు మాత్రమే.

3. ముందు ఊరు, తర్వాతే ఆఫీసు. కోరాపుట్ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే గిరిజన ప్రాంతం, అక్కడ పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం ఉంది. పల్లి సభ (ఊరి ఓటర్ల సభ) తీర్మానం లేకుండా వెళ్లకండి. కింద స్నానాల రేవు ఎక్కడుంది, దేవత ఉన్న రాయి ఏది అన్నది ఊరివాళ్లనే అడగండి.

4. షరతుల ముసాయిదా. అందరూ చెడగొట్టేది ఇక్కడే. ‘నిషేధం ఎత్తేయండి’ అని రాయకండి, ‘ఈ షరతులతో అనుమతించండి’ అని రాయండి. ప్రతి షరతూ ఫారెస్టు గార్డు కంటితో చూసి తేల్చగలిగేలా ఉండాలి. ‘తగిన జాగ్రత్తలు తీసుకుంటాం’ అన్న వాక్యం దేనికీ పనికిరాదు.

ఇలా రాయండి: జూన్ నుంచి అక్టోబరు దాకా తాడు కట్టం. రాతి మీద రంగుతో గీత గీస్తాం, నీరు దాన్ని దాటితే ఆ రోజు ఆట లేదు. ఒకటి పోయినా రెండోది ఒక్కటే బరువు మోసేలా వేర్వేరు చోట్ల రెండు యాంకర్లు (తాడు కట్టే ఆధారాలు). ఈఎన్ 1891 (యూరప్ ప్రమాణం) టైప్ ఏ రకం, 10.5 లేదా 11 మిల్లీమీటర్ల తాడు, చివర ముడి. కొత్తవాళ్లకు విడిగా రెండో తాడు. ఈఎన్ 12492 హెల్మెట్. ఒక శిక్షకుడికి ఆరుగురు. ఏడోవాడు ఎంత బతిమాలినా వద్దు. మధ్యాహ్నం మూడింటికల్లా తాళ్లు చుట్టేయాలి. పేర్ల జాబితా ముందురోజే పోలీస్ స్టేషన్‌లో.

‘అధికారుల పర్యవేక్షణలో’ అన్న మాట ఎక్కడా దొర్లనివ్వకండి. మర్యాద అనుకుని రాస్తారు గానీ, దాంతో బాధ్యత ఆయన నెత్తిన పడుతుంది. పెన్ను నేరుగా నిషేధం మీదికే వెళుతుంది. బదులుగా ‘డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ గానీ గార్డు గానీ ఆపమంటే కారణం అడక్కుండా ఆపేస్తాం’ అని రాయండి. ఆయనకు ఊపిరాడేది ఆ ఒక్క వాక్యంతోనే.

‘ప్రమాదం జరగదు’ అనీ రాయకండి. జరిగితే ఎవరు పైకి లాగుతారు, స్ట్రెచర్ ఏ దారిన మోస్తారు, 108 ఎందాకా రాగలదు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఇవి రాయండి. సిగ్నల్ లేని లోయలో ఫోను ఎక్కడ పనిచేస్తుందో కూడా. రోజూ అంబులెన్సు నిలబెడతామంటూ గొప్పలకు పోతే, అది లేనిరోజు ఒక్కటి దొరికినా అనుమతి పోయినట్టే.

ముందే ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం, పేపర్లో వార్త, ఆన్‌లైన్ ఉద్యమం అనేవాళ్ల మాట వినకండి. పేరు పేపర్లో పడ్డ ఆఫీసరు వెనక్కి తగ్గలేడు. కోర్టు చిట్టచివరి మెట్టు.

5. దరఖాస్తు రెండు పేజీలు, ఒడియాలో. జయపూర్ బజారులో తెలుగు సాగుతుంది, ఫైల్లో సాగదు. ఇద్దరే వెళ్లండి, ఒకరు ఆ ఊరివారై ఉండాలి. దరఖాస్తు మీద డైరీ నంబర్ (అందినట్టు ఆఫీసు వేసే నమోదు సంఖ్య) వేయించుకోకుండా బయటికి రాకండి. ప్రదర్శన చూస్తామంటే ఫైర్ స్టేషన్ వాళ్లను కూడా పిలిచి పొడిరాయి మీద చూపండి, నీళ్ల పక్కన వద్దు. సారు ఉత్సాహపడి తానూ దిగుతానంటే టీ ఇచ్చి కూర్చోబెట్టండి.