కంప్యూటర్ ఓల్టేజీ తేడాగా చూపిస్తోందా? ఎస్‌ఎంపీఎస్ మార్చే ముందు ఇలా పరీక్షించండి

విడి భాగాలు కొని సొంతంగా బిగించుకున్న కంప్యూటర్‌లో ఓల్టేజీలు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే, ఒక్కోసారి 12 ఓల్టుల లైను దగ్గర 8.2 అని కనిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటర్ భాగాలకు అందించే పెట్టె) పోయిందనుకుని చాలామంది వెంటనే కొత్తది ఆర్డరు పెట్టేస్తారు. ఆ తొందర వద్దు. తెర మీద కనబడే అంకె అనుమానానికే పనికొస్తుంది, తేల్చాల్సింది మల్టీమీటరే. మామూలు డిజిటల్ మీటరు చాలు.

ఏ అంకె మంచిది, ఏది చెడ్డది

12 ఓల్టుల లైను 11.40 నుంచి 12.60 దాకా, 5 ఓల్టులది 4.75 నుంచి 5.25 దాకా, 3.3 ఓల్టులది 3.14 నుంచి 3.47 దాకా ఉండొచ్చు. అంటే 5 శాతం అటూ ఇటూ. నెగెటివ్ 12 (-12) ఓల్టుల లైనుకు 10 శాతం దాకా తేడా ఉన్నా ఫర్వాలేదు. ఇప్పటి మదర్‌బోర్డులు దాన్ని దాదాపు వాడవు, దాని గురించి బెంగ పెట్టుకోకండి.

సాఫ్ట్‌వేర్ ఎందుకు తప్పు చూపిస్తుంది? బోర్డు మీది సెన్సర్ చిప్పు 12 ఓల్టులను నేరుగా కొలవలేదు. రెండు రెసిస్టర్లతో ఓల్టేజీని తగ్గించి ఇస్తే అది కొలుస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ హెచ్చించి చూపిస్తుంది. మీ బోర్డులో ఏ రెసిస్టర్లు పెట్టారో దానికి తెలియకపోతే లెక్క తప్పుతుంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో) కనిపించే అంకె అంతకంటే నమ్మదగ్గది, ఎందుకంటే అది ఆ బోర్డు కోసమే రాసింది. నిజంగా 12 కాస్తా 8కి పడిపోతే కంప్యూటర్ అసలు నడవదు.

గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి

మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ మెట్టు దాటేయకూడదు. ఎండాకాలంలో సాయంత్రం అన్ని ఇళ్లలో ఏసీలు వేస్తే, పల్లెల్లో బోరు మోటార్లు నడిస్తే లైను ఓల్టేజీ పడిపోతుంది. మీటరును ఏసీ (గోడ కరెంటు) 750 ఓల్టుల దగ్గర పెట్టి ప్లగ్ పాయింట్‌లో చూడండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చూపించుకోండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230కి దగ్గరగా, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు ఓల్టులు ఉండాలి. ఓల్టేజీ ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగుతుంటే న్యూట్రల్ వదులైందేమో. కంప్యూటర్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? ఎర్తు లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ లోహపు పెట్టెకు కలుపుతాయి కాబట్టి, ఎర్తు లేని పెట్టె మీద సగం ఓల్టేజీ నిలబడుతుంది. మన రాతి నేలలో వేసవికి ఎర్తు గుంత ఎండిపోతుంది. గుంతలో నీళ్లు పోసి మళ్లీ చూడండి.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంటే, అది స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు చాలావాటికి అది పడదు.

కనెక్టర్ దగ్గర కొలవడం

మీటరును డీసీ 20 ఓల్టుల మీద పెట్టండి. కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే, బోర్డుకు తగిలించిన 24 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి, తీగ పక్క సందులోకి ప్రోబ్ (మీటరు సూది) దించాలి. నల్ల ప్రోబ్ నల్ల తీగలో ఉంచి, ఎర్ర ప్రోబ్‌తో పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 చూడండి. ఊదా రంగు తీగలో కంప్యూటర్ ఆపేసినా 5 ఓల్టులు ఉండాలి. బూడిద రంగు తీగ ఆన్ చేసిన అర సెకనులోపు 5కి చేరాలి. తీగలన్నీ నల్లగా ఉంటే మాన్యువల్‌లోని పిన్నుల పటం దగ్గర పెట్టుకోండి. ప్రోబ్ కొస రెండు పిన్నులకు ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది, చెయ్యి నిదానంగా ఆడించండి.

ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి, అసలు గుట్టు లోడు మీదే బయటపడుతుంది. బరువైన గేమ్ గానీ వీడియో రెండరింగ్ గానీ నడిపిస్తూ అవే చోట్ల మళ్లీ కొలవండి. 12.1 నుంచి 11.9కి దిగితే సమస్య లేదు. 11.4 కిందికి జారితే గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్, ప్రాసెసర్ కనెక్టర్, హార్డ్‌డిస్క్ కనెక్టర్, మూడు చోట్లా చూడండి. ఒక్క చోటే తక్కువుంటే కేబులో కనెక్టరో వదులైంది. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, పిన్ను నల్లబడి ఉంటుంది. అన్ని చోట్లా తక్కువుంటే ఎస్‌ఎంపీఎస్‌దే తప్పు.

చౌక రకాల్లో ఇంకో వింత చూస్తారు: 12 దిగుతుంటే 5 పైకి ఎక్కుతుంది. రెండు లైన్లనూ ఒకే సర్క్యూట్ అదుపు చేయడం వల్ల వచ్చే బలహీనత ఇది. అలాంటి దానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తగిలించకండి.

మీటరులో అంతా బాగుండీ కంప్యూటర్ ఆగిపోతుంటే ఓల్టేజీ అలల్లా వేగంగా ఊగే రిపుల్ కారణం కావచ్చు. అది మీటరుకు దొరకదు. స్నేహితుల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి మార్చి చూడటమే సులువు.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 ఓల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. కొత్తది కొన్నప్పుడు, అది మాడ్యులర్ రకమైతే (కేబుళ్లు ఊడదీసి తగిలించుకునేది), పాత కేబుళ్లను దానికి తగిలించకండి. కొస ఒకేలా సరిపోయినా కంపెనీని బట్టి పిన్నుల వరుస మారిపోతుంది, 5 వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి హార్డ్‌డిస్కులు కాలిపోతాయి. పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడండి.