తొలకరి వానలో కారు తీసే ముందు

- టైరు గాడి లోతు చూడండి. 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే చట్టమే ఒప్పుకోదు. వానాకాలానికి అంతకు ముందే మార్చడం మేలు.
- గాలి: టైర్లు చల్లగా ఉన్నప్పుడే.
- మొదటి చినుకులకు రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి జారుడు పొరగా మారతాయి. గట్టి వాన కాసేపు కురిస్తే చాలావరకు కొట్టుకుపోతాయి. తొందర లేకపోతే ఆగండి.
- ముందు టైర్లు పట్టు తప్పితే స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఇంకా తిప్పడం దండగ. యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. వెనక టైర్లు జారితే కారు వెనక భాగం పక్కకు విసురుతుంది. వెళ్లాల్సిన వైపే స్టీరింగ్ పట్టండి, బ్రేకు తొక్కకండి. (చదవడం తేలికే, ఆ క్షణంలో కాలు మాట వినదు.)
- ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉందా? ఉంటే అత్యవసరంగా ఆపేటప్పుడు పెడల్ అదిరినా వదలకండి.
- ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరు.