బైక్ చక్రం బ్యాలెన్సింగ్: ఇంట్లోనా, మెషిన్ మీదా?

బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్‌కు చిన్న బరువులు అంటించడం. బైక్ టైర్ సన్నం కాబట్టి చాలామందికి ఇంట్లో చేసుకునే స్టాటిక్ బ్యాలెన్సింగే (చక్రాన్ని వదిలి బరువైన చోటు కనుక్కోవడం) చాలు. వెనక టైర్ 180 మి.మీ. వెడల్పుండి, హైవేలో వేగంగా వెళ్లేవాళ్లు మెషిన్ మీద డైనమిక్ (చక్రాన్ని వేగంగా తిప్పి, పక్కలకు ఉండే తేడా కూడా చూసేది) చేయించుకుంటే మేలు. బరువులకు బదులు టైర్లో పోసే చిన్న పూసలు గాలి తీసేటప్పుడు వాల్వ్‌లో ఇరుక్కోవచ్చు. ఊళ్లో తిరిగే బండికి ఆ పూసలు దండగే.

చక్రం విప్పి, పాత బరువులు పీకి, యాక్సిల్‌ను రెండు స్టాండ్ల మీద మట్టంగా పెట్టండి. బేరింగ్ బిగువుగా ఉంటే చక్రం ఎక్కడపడితే అక్కడ ఆగి మోసం చేస్తుంది. మెల్లగా తిప్పి వదిలితే కిందికొచ్చి ఆగేదే బరువైన చోటు. దానికి సరిగ్గా ఎదురుగా బరువులు 5 గ్రాముల చొప్పున టేపుతో పెట్టి చూడండి. చక్రాన్ని ఎటు తిప్పి వదిలినా అక్కడే నిలిస్తే సరిపోయినట్టే. తర్వాత రిమ్‌ను స్పిరిట్‌తో తుడిచి బరువులు అంటించండి, లేదంటే రెండు వానలకే ఊడిపోతాయి. 50 గ్రాములు దాటుతుంటే మాత్రం బరువులు పెంచకండి. రిమ్ మీద టైర్‌ను తిప్పి, దాని మీది పసుపు చుక్కను (టైర్లో తేలికైన చోటు గుర్తు) వాల్వ్ దగ్గరికి జరిపి మళ్లీ మొదలెట్టండి.