కానాగంతల నుంచి గణవిభజన దాకా: తరగతి గదిలో కృత్రిమ మేధను నేర్పే పద్ధతి

విశాఖపట్నంలో గూగుల్ సంస్థ ఐదేళ్ల కాలంలో 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతుందని 2025 అక్టోబరులో ప్రకటన వెలువడినప్పటి నుంచి, తల్లిదండ్రుల సమావేశాల్లో "మా పిల్లలకు ఏఐ ఎప్పుడు చెబుతారు సార్?" అన్న ప్రశ్న తప్పడం లేదు. చాలాచోట్ల దీనికి దొరుకుతున్న సమాధానం, ఒక చాట్‌బాట్‌ను పెద్ద తెర మీద తెరిచి, దానిచేత నాలుగు పాదాలు రాయించి, పిల్లలచేత చప్పట్లు కొట్టించడం. అది ప్రదర్శన మాత్రమే. ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతూ, మా తెలుగు మాస్టారి సహాయంతో నేను అనుసరిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ముందుగా యంత్రంచేత తప్పు చేయించాలి, ఆ తప్పు ఎందుకు జరిగిందో పిల్లలచేతనే చెప్పించాలి, ఆ తరువాతే దాన్ని చదువుకు వాడుకోనివ్వాలి అన్నది ఈ పద్ధతికి ఆధారం.

సీబీఎస్ఈ పాఠశాలల్లో 2019-20 నుంచి తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధ ఐచ్ఛిక విషయంగా ఉన్నందున వారికి పీరియడ్ల చిక్కు లేదు. రాష్ట్ర సిలబస్ బోధించేవారు మాత్రం సైన్సు, తెలుగు పీరియడ్లలోనే చోటు చూసుకోవాలి. అయిదు పీరియడ్లు, కెమెరా ఉన్న ఒక ల్యాప్‌టాప్, ఫోన్ నుంచి వచ్చే ఇంటర్నెట్ సరిపోతాయి.

మొదటి పీరియడ్: కంప్యూటరు లేకుండా

కానాగంతల ఫొటోలు ఇరవై, కవళ్ల ఫొటోలు ఇరవై ముద్రించి తీసుకువెళ్లండి. తరగతిని రెండు జట్లుగా చేయండి. మొదటి జట్టుకు ఫొటోలు చూపి, ఈ రెండు చేపలను వేరు చేయడానికి నియమాలు రాయమనండి. వీపు మీద ముదురు చారలు ఉంటే కానాగంత, వీపు రెక్క ఒక్కటే ఉంటే కవళ్లు అని వారు రాస్తారు. రెండో జట్టుకు నియమాలేవీ అడగకుండా, ఒక్కొక్క ఫొటో చూపి దాని పేరు మాత్రమే చెప్పండి. ఆ తరువాత తోక మాత్రమే కనిపించే ఫొటోను, బుట్టలో సగం మునిగి ఉన్న చేప ఫొటోను రెండు జట్లకూ ఇవ్వండి. నియమాల జట్టు కాగితం వైపు చూసి ఆగిపోతుంది. ఉదాహరణల జట్టు ఏదో ఒకటి తడుముకోకుండా చెబుతుంది, కొన్నిసార్లు తప్పే చెబుతుంది.

ఇంత జరిగాక చరిత్రను రెండు మాటల్లో చెప్పవచ్చు. కృత్రిమ మేధ అన్న పేరు అమెరికా శాస్త్రవేత్త జాన్ మెకార్తీ తదితరులు 1955లో రాసిన ప్రతిపాదనలో మొదట కనిపించింది. మరుసటి ఏడు డార్ట్‌మత్ కళాశాలలో దాని మీద సమావేశం జరిగింది. తొలి దశాబ్దాల పనిలో ఎక్కువ భాగం మొదటి జట్టు చేసినట్టు నియమాలు రాయడమే. ఈ రోజు మన ఫోన్లలో ఉన్నది చాలావరకు రెండో జట్టు దారి.

తరగతిలో జాలారి పేట నుంచి వచ్చే పిల్లలు ఉంటే వారినే న్యాయనిర్ణేతలుగా పెట్టండి. నేను కవళ్లనుకుని తెచ్చిన ఫొటోల్లో మూడింటిని, ఎప్పుడూ వెనుక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి వేరే చేపలని తేల్చేశాడు. యంత్రానికి నేర్పే ఉదాహరణలకు పేర్లు పెట్టేవారికి ఆ పని తెలిసి ఉండాలన్న విషయాన్ని నేను విడిగా చెప్పవలసిన అవసరం ఆ రోజు రాలేదు.

రెండు, మూడు పీరియడ్లు: యంత్రానికి నేర్పడం, మోసం చేయడం

గూగుల్ వారి టీచబుల్ మెషీన్ అన్న ఉచిత సాధనం బ్రౌజరులోనే పనిచేస్తుంది. ఖాతా తెరవనక్కరలేదు, మోడల్‌ను (ఉదాహరణలతో శిక్షణ పొంది జవాబులు చెప్పే ప్రోగ్రామును) మనం అప్‌లోడ్ చేస్తే తప్ప ఫొటోలు మన కంప్యూటరు దాటి పోవు. ఇమేజ్ ప్రాజెక్టు తెరిచి, ఒక వర్గానికి కానాగంత అని, రెండో వర్గానికి కవళ్లు అని పేరు పెట్టండి. ఒక్కొక్క వర్గానికి కెమెరాతో ముప్పై నలభై ఫొటోలు తీసి, ట్రైన్ మోడల్ అన్న బొత్తాన్ని నొక్కితే కొద్దిసేపట్లో శిక్షణ పూర్తవుతుంది. లక్షల బొమ్మల మీద ముందే శిక్షణ పొందిన మోడల్ లోపల ఉన్నందువల్లనే ఇన్ని తక్కువ ఫొటోలతో పని జరుగుతోందని పిల్లలకు చెప్పాలి. లేకపోతే ముప్పై ఫొటోలతో ఏదైనా నేర్పవచ్చన్న భ్రమ మిగిలిపోతుంది.

ఇక్కడ మీరు కావాలని ఒక వల పన్నాలి. కానాగంతల ఫొటోలన్నీ నీలం ట్రే మీద, కవళ్ల ఫొటోలన్నీ పాత న్యూస్‌పేపరు మీద తీయించండి. పిల్లలకు ఆ సంగతి చెప్పకండి. మోడల్ మొదట చక్కగా జవాబులు చెబుతుంది, తరగతి సంబరపడుతుంది. అప్పుడు కవళ్లను నీలం ట్రే మీద పెట్టి కెమెరాకు చూపించండి. చాలాసార్లు అది కానాగంత అంటుంది. తరువాత చేపలన్నీ తీసేసి ఖాళీ ట్రే చూపించండి. కారణం వెంటనే చెప్పేయాలని మీకు నాలుక దురద పెడుతుంది. అయిదు నిమిషాలు ఓర్చుకోండి. "సార్, అది చేపను చూడట్లేదు, ట్రేను చూస్తోంది" అన్న మాట పిల్లల నోటినుంచే వస్తుంది. 2016లో అమెరికా పరిశోధకులు కొందరు తోడేలును, హస్కీ జాతి కుక్కను వేరు చేసే ఒక మోడల్‌ను ఇలాగే కావాలని చెడుగా తయారు చేశారు. అది జంతువును వదిలి వెనుక ఉన్న మంచును చూసి తోడేలు అని తేల్చేది. మన ట్రే కథ అయ్యాక ఈ సంగతి చెబితే పిల్లలకు సులభంగా ఎక్కుతుంది.

మూడో పీరియడ్‌లో దిద్దుబాటు చేయించండి. రెండు చేపలనూ ట్రే మీద, పేపరు మీద, అరిటాకు మీద, కిటికీ వెలుతురులో, ట్యూబులైటు కింద ఫొటోలు తీసి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. ఆ తరువాత ఒక కళ్లజోడును కెమెరా ముందు పెట్టి చూడండి. మోడల్ దాన్ని కూడా ఏదో ఒక చేప అనే అంటుంది, అదీ పెద్ద శాతంతో. తనకు ఇచ్చిన పేర్ల మధ్యనే నూరు శాతాన్నీ పంచవలసి ఉండడమే దీనికి కారణం. "ఏదీ కాదు" అన్న మూడో వర్గం చేర్చి, అందులో బల్ల, చెయ్యి, పుస్తకం ఫొటోలు పెట్టాలన్న ఆలోచన ఈ దశలో పిల్లలకే తడుతుంది.

ఒక ఆచరణ సమస్య ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం, బడులు తెరిచే సమయమూ దాదాపు అదే. కనుక ఫొటోలు ఎండాకాలానికి ముందే ఫిషింగ్ హార్బరులో తీసి ఉంచుకోవడం మేలు. పైగా నిజం చేపలు ల్యాబులోకి తెస్తే ఆ వాసన వారం రోజులు పోదు. నేను ఒక్కసారే తెచ్చాను. చేపలు ఇబ్బంది అనుకునేవారు వేపాకు, కరివేపాకు తీసుకోవచ్చు. వేపాకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, కరివేపాకు అంచు దాదాపు నున్నగా ఉంటుంది గనుక పిల్లలు యంత్రంతో పోటీ పడవచ్చు.

నాలుగో పీరియడ్: తరువాతి మాట ఏమిటి?

చాట్‌బాట్‌ల వెనుక ఉన్న భాషా మోడల్‌ను చిన్న చీటీలతో చూపించవచ్చు. బోర్డు మీద "సింహాచలం కొండ మీద" అని రాసి, దాని తరువాత వచ్చే ఒక్క మాటను ప్రతి పిల్లవాడినీ చీటీ మీద రాయమనండి. గుడి, అప్పన్న, జనం, కోతి అంటూ వచ్చిన వాటిని లెక్కపెట్టి బోర్డు మీద వేయండి. చీటీలన్నీ డబ్బాలో వేసి ఒకటి తీయండి. ఎక్కువమంది రాసిన మాట వచ్చే అవకాశం ఎక్కువ, అయినా కోతి కూడా రావచ్చు. వచ్చిన మాటను వాక్యానికి చేర్చి, మళ్లీ చీటీలు రాయించండి. పది పన్నెండు మాటలయ్యేసరికి వ్యాకరణం తప్పని ఒక వాక్యం తయారవుతుంది, కాని అందులోని సంగతి నిజమా కాదా అని చూసినవారు ఎవరూ లేరు. చాట్‌బాట్ అబద్ధం ఎందుకు చెబుతుందని అడిగే పిల్లవాడికి ఈ డబ్బా కంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

అయిదో పీరియడ్: తెలుగు మాస్టారి వంతు

విశాఖపట్నం అన్న మాటలో మనకు వినిపించేవి వి, శా, ఖ, ప, ట్నం అనే అయిదు అక్షరాలు. కంప్యూటరులో, లిపిలోని ఒక్కొక్క గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో అవి వత్తులు, గుడులు, సున్నా విడివిడిగా పది సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి మూడు చొప్పున ముప్పై బైట్లు. అదే పేరు ఇంగ్లీషు లిపిలో పదమూడు అక్షరాలు, పదమూడు బైట్లు. భాషా మోడల్ ఈ బైట్లను ముక్కలుగా చేసుకుని చదువుతుంది. శిక్షణలో ఇంగ్లీషు ఎక్కువ, తెలుగు తక్కువ గనుక మన మాటలు సాధారణంగా ఎక్కువ ముక్కలవుతాయి, ఆ ముక్కలు మన అక్షరాల హద్దుల దగ్గర తెగుతాయన్న హామీ కూడా లేదు.

దీన్ని పరీక్షించడానికి ఛందస్సును మించిన సాధనం లేదు. ఒక ఉత్పలమాల రాయమని చాట్‌బాట్‌ను అడిగి, వచ్చిన పద్యాన్ని ముద్రించి నాలుగు జట్లకు ఒక్కొక్క పాదం ఇవ్వండి. భ, ర, న, భ, భ, ర, వ గణాలు వచ్చాయా, పాదానికి ఇరవై అక్షరాలు ఉన్నాయా, పదో అక్షరానికి యతి కుదిరిందా, రెండో అక్షరం ప్రాస నాలుగు పాదాల్లోనూ ఒకటేనా అని చూడమనండి. నేను చూసినంతలో చాలాసార్లు మొదటి పాదంలోనే గణం తప్పుతుంది, అయినా పద్యం కింద "ఇది ఉత్పలమాల" అని ధీమాగా రాసి ఉంటుంది. సంయుక్తాక్షరం ముందున్న లఘువు గురువవుతుందన్న సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టిన పిల్లలు, యంత్రం తప్పు పట్టడానికి దాన్ని ఆనందంగా వాడారు. పద్యం సరిగా వచ్చిన రోజున అర్థం అడగండి. పని అప్పుడు కూడా మిగిలే ఉంటుంది.

ఉపాధ్యాయుడు తన పనికి వాడుకోవడం

పాఠం తయారీలో చాట్‌బాట్ నిజంగానే సమయం ఆదా చేస్తుంది, అయితే పాఠ్యపుస్తకంలోని భాగాన్ని మీరే అందించి, దాని పరిధిలోనే పని అప్పగించినప్పుడు. "ఘర్షణ గురించి ప్రశ్నలు ఇవ్వు" అంటే ఎక్కడివో వస్తాయి. "కింది పేరా మాత్రమే ఆధారంగా ఎనిమిదో తరగతికి ఆరు ప్రశ్నలు ఇవ్వు; రెండు జ్ఞాపకానికి, రెండు కారణం చెప్పడానికి, రెండు నిత్యజీవితానికి అన్వయించడానికి; ఒక్కొక్క ప్రశ్నకు పిల్లలు సాధారణంగా చేసే తప్పు ఏమిటో రాయి" అంటే పనికొచ్చేవి వస్తాయి. ఆ చివరి కోరికే అన్నిటికంటే విలువైనది.

జవాబుల పట్టికను మాత్రం మీరే లెక్క కట్టాలి. ఈ మాట నాకు జరిగినదాని వల్ల చెబుతున్నాను. ఒక యూనిట్ టెస్టుకు, 28 డిగ్రీల దగ్గర ఉన్న పది కిలోల చేపలను సున్నా డిగ్రీలకు దించడానికి ఎంత మంచు కావాలన్న లెక్కను చాట్‌బాట్‌తో తయారు చేయించాను. చేప విశిష్టోష్ణం కిలోకు, ఒక్కొక్క డిగ్రీకి 3.6 కిలోజౌళ్లు అనుకుంటే తీయవలసిన వేడి 1008 కిలోజౌళ్లు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు పడుతుంది గనుక సుమారు మూడు కిలోల మంచు చాలు. పట్టికలో 12.6 కిలోలు అని ఉంది. మంచు గుప్తోష్ణాన్ని కెలోరీల లెక్కలోని 80గా, చేప లెక్కను జౌళ్లలో తీసుకుని రెండింటినీ కలిపేసింది. హార్బరులో కిలో చేపకు దాదాపు కిలో మంచు వేయడం అలవాటే గనుక ఆ జవాబు నాకు సహజంగానే తోచింది, అందుకే అనుమానం రాలేదు. పెట్టె గోడల గుండా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది గనుక అంత మంచు వేస్తారు. లెక్కలోని మంచు అది కాదు. నేను దిద్ది ఇచ్చిన జవాబుపత్రాలను పిల్లలు తెచ్చి చూపించాక గాని ఆ తప్పు నాకు తెలియలేదు.

హోమ్‌వర్కు గురించి

పిల్లలు యంత్రంతో రాయించుకున్నారో లేదో కనిపెట్టే సాధనాల మీద డబ్బు, కాలం వృథా చేయవద్దని నా అభిప్రాయం. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి సాధనం విడుదల చేసి, జులైలో వెనక్కి తీసుకుంది. ఆ సంస్థ చెప్పిన లెక్క ప్రకారమే అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకోగలిగింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం రాసినవిగా పొరబడింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురు నలుగురు నిర్దోషుల మీద నింద వేయడమంటే చిన్న విషయం కాదు.

ప్రశ్నను మార్చడం తేలిక. "తుఫానుల గురించి వ్యాసం రాయండి" అని ఇవ్వకుండా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు మీ వీధిలో ఏం జరిగిందో ఇంట్లో పెద్దవారిని అడిగి రాయమనండి. చిత్తుప్రతి తరగతిలోనే చేత్తో రాయించండి. అప్పుడు చాట్‌బాట్‌కు పని ఇవ్వవచ్చు: "ఈ రచనను తిరగరాయవద్దు, చదివేవారికి అర్థం కాని చోట్ల అయిదు ప్రశ్నలు మాత్రం అడుగు" అని. ఆ ప్రశ్నలతో పిల్లవాడు మళ్లీ అమ్మమ్మ దగ్గరకు వెళతాడు.

అనుమతులు, ఖాతాలు

తరగతి గదిలో స్వతంత్రంగా చాట్‌బాట్ వాడకానికి 13 ఏళ్లు కనీస వయసుగా ఉండాలని యునెస్కో 2023 మార్గదర్శకాల్లో సూచించింది. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారందరూ బాలలే, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కనుక ఉన్నత పాఠశాల వరకు ఉపాధ్యాయుడి ఖాతా ఒక్కటే తెర మీద తెరవడం, పిల్లల పేర్లు, మార్కులు, ముఖాలు అందులో పెట్టకపోవడం మంచిది. చేపల ఫొటోల్లో పిల్లల ముఖాలు పడితే అవి తీసేయండి. టీచబుల్ మెషీన్ ప్రాజెక్టును పాఠశాల పెన్‌డ్రైవులో దాచేటప్పుడు, నీలం ట్రేతో చెడిపోయిన మొదటి మోడల్‌ను కూడా విడిగా దాచండి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి ముందు దాన్నే ఇచ్చి, తప్పెక్కడుందో కనుక్కోమనవచ్చు.