మస్టాంగ్ జీటీకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: పెట్టె మీది అంకె కన్నా ముందు చూడవలసినది సెన్సర్ గొట్టం

2015 నుంచి 2023 వరకు వచ్చిన ఆరవ తరం ఫోర్డ్ మస్టాంగ్ జీటీని కొన్నవారు మార్పుల జోలికి వెళితే, ముందుగా చేయి వేసేది తరచూ ఇంజిన్‌కు గాలి అందించే గొట్టం మీదే. దాని స్థానంలో చల్లగాలి తెచ్చేలా బిగించే కొత్త గొట్టం, ఫిల్టర్‌ల కిట్టే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. దీని ధర మిగతా మార్పులంత కాదు, ఇంటి గరాజ్‌లోనే బిగించుకోవచ్చు, పైగా 5.0 లీటర్ల వీ8 ఇంజిన్ గాలి పీల్చే శబ్దం మరింత గంభీరంగా వినిపిస్తుంది. అయితే పెట్టె మీద అచ్చువేసిన హార్స్‌పవర్ అంకెను చూసి ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. ముందుగా చూడవలసినది, గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కూర్చునే గొట్టం లోపలి వ్యాసం.

దానికన్నా ముందు, మీ కారుకు చల్లగాలి నిజంగా కొరతగా ఉందో లేదో తెలుసుకోవాలి. 25 డిగ్రీల సెల్సియస్ గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 10 శాతం తక్కువ కనుక, వేడిగాలి పీల్చే ఇంజిన్ శక్తి తగ్గుతుందన్న మాట నిజమే. కానీ ఈ కారుకు ఫ్యాక్టరీలో బిగించిన ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) ఇప్పటికే ముందు గ్రిల్ వైపు నుంచి బయటి గాలినే తీసుకుంటుంది. కారు కంప్యూటర్ సమాచారాన్ని చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించే చిన్న రీడర్‌తో హైవే మీద నిలకడగా నడుపుతూ ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతను, బయటి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడండి. తేడా నాలుగైదు డిగ్రీలే అయితే, కొత్త కిట్టు తేగలిగిన చల్లదనం దాదాపు ఏమీ లేనట్టే. ఇక మిగిలేది గాలి ప్రవాహానికి ఉండే అడ్డు కాస్త తగ్గడం. ఆ లాభం థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంల దాకా తీసుకెళ్లినప్పుడే తెలుస్తుంది తప్ప, రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే దారిలో కాదు.

ఇక సెన్సర్ సంగతి. ఈ సెన్సర్ గాలి మొత్తాన్ని కొలవదు; తన మీదుగా పోయే కొద్దిపాటి గాలి వేడి తీగను ఎంత చల్లబరుస్తోందో గమనించి సంకేతం పంపుతుంది. ఫ్యాక్టరీ గొట్టం వ్యాసం ఇంత అన్న లెక్కతో ఇసియు (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఆ సంకేతం నుంచి మొత్తం గాలి ద్రవ్యరాశిని కడుతుంది. 80 మిల్లీమీటర్ల గొట్టం స్థానంలో 90 మిల్లీమీటర్ల గొట్టం పెట్టామనుకుందాం: వైశాల్యం సుమారు 27 శాతం పెరుగుతుంది, అదే మొత్తం గాలి నెమ్మదిగా సాగుతుంది, సెన్సర్ తక్కువ చూపిస్తుంది. దాంతో ఇసియు పెట్రోలు తగ్గిస్తుంది. అంతటితో ఆగక, ఇంజిన్ మీద భారం తక్కువగా ఉందని పొరబడి స్పార్క్‌ను ఉండవలసినదానికన్నా ముందుకు జరుపుతుంది. పెట్రోలు తగ్గడం, స్పార్క్ ముందుకు జరగడం రెండూ కలిస్తే నాకింగ్‌కు (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్‌ను దెబ్బతీయడానికి) దారి తెరిచినట్టే. ఆక్సిజన్ సెన్సర్ల సాయంతో ఇసియు కొంత దిద్దుకుంటుంది గాని, ఆ దిద్దుబాటుకు హద్దు ఉంది. అది దాటితే, గాలికి తగినంత పెట్రోలు లేదని చెప్పే పి0171, పి0174 కోడ్‌లతో చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది.

అందువల్ల మార్కెట్‌లోని కిట్లను బ్రాండ్ల వారీగా కాక రెండు రకాలుగా చూడటం మేలు: ఫ్యాక్టరీ ట్యూన్‌తోనే (ఇసియులో ముందే ఉన్న సాఫ్ట్‌వేర్ సెట్టింగులతోనే) నడిచేవి, కొత్త ట్యూన్ తప్పనిసరిగా కావలసినవి. తయారీదారు ఈ విషయం స్పష్టంగా రాయకపోతే ఆ కిట్టును పక్కన పెట్టండి. 2018లో ఈ ఇంజిన్‌కు డైరెక్ట్ ఇంజెక్షన్ కూడా చేరి శక్తి 435 నుంచి 460 హార్స్‌పవర్‌కు పెరిగింది కనుక, మీ కారు మోడల్ సంవత్సరానికే ఆ కిట్టు చేశారా అన్నది కూడా సరిచూసుకోవాలి. డైనో (శక్తిని కొలిచే యంత్రం) ఫలితాలు చూపిస్తే, అవి ఇన్‌టేక్ ఒక్కదానివా, ట్యూన్ కలిపినవా అని అడగండి. పెద్ద అంకెల వెనుక చాలాసార్లు ట్యూన్ పనితనమే ఉంటుంది.

కాలిఫోర్నియాలో ఉండేవారికి మరొక కట్టుబాటు ఉంది. అక్కడి కాలుష్య నియంత్రణ సంస్థ కార్బ్ ఆ భాగానికి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ఆమోద పత్రం) నంబరు ఇచ్చి ఉండాలి, అందులో మీ కారు మోడల్, సంవత్సరం ఉండాలి, ఆ స్టిక్కర్ హుడ్ కింద కనబడాలి. 2021 జులై 19 నుంచి స్మాగ్ తనిఖీలో (వాహన కాలుష్య పరీక్షలో) ఇసియు సాఫ్ట్‌వేర్‌ను కూడా పరీక్షిస్తున్నారు కనుక, ట్యూన్ కావలసిన కిట్టు కొంటే ఆ ట్యూన్‌కు కూడా ఆమోదం ఉందో లేదో చూడాలి. వారంటీ గురించి అనవసరంగా భయపడనక్కర లేదు. అమెరికాలోని 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని తోసిపుచ్చడం కుదరదు. అయితే ఆ భాగం వల్లే చెడిపోయినదానికి రక్షణ ఉండదు.

ఫిల్టర్లలో నూనె పట్టించిన నూలు రకాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కానీ నూనె ఎక్కువైతే అది సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది. నా మటుకు నేను కాస్త శక్తి తగ్గినా పొడి ఫిల్టర్‌నే ఎంచుకుంటాను. ఫిల్టర్ చుట్టూ ఉండే, వేడిని ఆపే కవచం అంచు హుడ్‌కు పూర్తిగా ఆనాలి. లేకపోతే ట్రాఫిక్‌లో రేడియేటర్ వేడినంతా ఫిల్టరే పీల్చుకుంటుంది. గొట్టం అల్యూమినియమా ప్లాస్టిక్కా, ఏ రంగు అన్నది మీ ఇష్టం. ఫిల్టర్‌ను బంపర్ లోపల బాగా కిందికి దించే అమరికలను మాత్రం వద్దంటాను, ఎందుకంటే రోడ్డు మీద నిలిచిన నీరు సిలిండర్‌లోకి చేరితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

బిగించే ముందు ఐడిల్‌లోనూ, నిలకడ వేగంలోనూ ఫ్యూయల్ ట్రిమ్‌లను (ఇసియు పెట్రోలులో చేసే దిద్దుబాటు శాతాలను) రాసి పెట్టుకుని, బిగించాక కొన్ని రోజులు నడిపి మళ్లీ చూడండి. తాత్కాలిక, దీర్ఘకాలిక ట్రిమ్‌ల మొత్తం 10 శాతం దాటితే ముందుగా క్లాంపులను, క్రాంక్‌కేస్ గాలి గొట్టం అతుకును పరీక్షించండి. అక్కడ లీకు లేకపోతే ఆ సెన్సర్ గొట్టం మీ ట్యూన్‌కు సరిపడలేదన్నమాట, కిట్టును వెనక్కి పంపండి. ఇందుకోసమే పాత ఎయిర్‌బాక్స్‌ను స్క్రూలతో సహా దాచి ఉంచాలి.